స్పంజిక మనకు పెద్దక్క కాదు

చనిపోయే ముందు ఏడాది మా సారు ఒక కొత్త పని నెత్తిన వేసుకున్నారు. పాత విద్యార్థుల నంబర్లు వాళ్లనూ వీళ్లనూ అడిగి సంపాదించి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, క్లాసులో తాను చెప్పిన ఒక మాట తప్పని చెప్పడం. ఆ ఫోన్లన్నీ మా దుకాణంలో కూర్చునే చేసేవారు. చెవి కాస్త మందం కావడంతో స్పీకరు పెట్టేవారు కాబట్టి రెండు పక్కల మాటలూ నాకు వినబడేవి.

జమ్మికుంట మార్కెట్లో పత్తి కొనే ఒక శిష్యుడికి చేసిన ఫోను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

"నమస్తే సార్! పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్న. డిగ్రీల నీకు స్పంజికల పాఠం చెప్పిన, యాదికున్నదా?"

అవతల బండ్ల హారన్లు. తూకం దగ్గర ఎవరో అరుచుకుంటున్నారు. "స్పంజీనా సార్? పరుపులల్ల పెడ్తరు, గదేనా?"

"పరుపులది కాదురా. సముద్రంల ఉండే జీవి. జంతువులన్నిటికి పెద్దక్క అని చెప్పిన నీకు. గది తప్పు. నీ పుస్తకంల కొట్టెయ్."

"కొట్టేసిన సార్," అన్నాడతను అప్పటికప్పుడే, పత్తి కుప్పల మధ్య నిలబడి. సారు చాలా తృప్తిపడి ఫోను పెట్టేశారు.

సారు కరీంనగర్‌లో తెలుగు మీడియం డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. నేను ఆయన దగ్గర చదివి, ఆ చదువుతో ఏ ఉద్యోగమూ దొరక్క, రంగు చేపల దుకాణం పెట్టుకున్నవాణ్ణి. మా అబ్బాకు నిక్షేపంలాంటి బట్టల దుకాణం ఉండగా కొడుకు గాజు తొట్లలో చేపలు అమ్ముకోవడం ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. సారు మాత్రం గర్వపడేవారు. "నా దగ్గర పాసైనోళ్లల్ల జంతువులను నమ్ముకొని బతుకుతున్నది నువ్వొక్కనివే మియా," అనేవారు. భార్య పోయింది, ఉన్న ఒక్క ఆడబిడ్డకు హైదరాబాదులో ఉద్యోగం. అందుకని రోజూ సాయంత్రం మా దుకాణానికి వచ్చి, నీలం ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, సాసరులో చాయ్ పోసుకుని తాగుతూ, కొనడానికి వచ్చినవాళ్లకు చేపల గుణగణాలు చెప్పి నా బేరాలు చెడగొట్టేవారు.

"గా చేపను ఒక్కదాన్నే కొంటవా అమ్మా? దిగులుకు సస్తది. గుంపు కావాలె దానికి. గుంపుకు పెద్ద తొట్టి కావాలె. నీ ఇంట్ల గంత జాగ ఉన్నదా?"

ఆమె ఇంట్లో అడిగి వస్తానని వెళ్లేది. మళ్లీ కనబడితే ఒట్టు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు కళ్లకు కట్టేది ఆయన చెయ్యి. తానే ఏదైనా మాట పొరపాటున అన్నా, ఎదుటివాళ్లు అన్నది నచ్చకపోయినా, కుడి అరచెయ్యి ఎత్తి, ఎదురుగా ఉన్న గాలిని ఎడమ నుంచి కుడికి తుడిచి, ఆ చేతిని నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ మని ఊదుకునేవారు. లేని సుద్దపొడిని ఊదుకోవడం అది. జన్మంతా నల్లబల్ల తుడిచిన చెయ్యి, అలవాటు ఎక్కడికి పోతుంది అనుకునేవాళ్లం. క్లాసులో వెనక బెంచీల మీద కూర్చుని మేమంతా ఆ చెయ్యినే అనుకరించి నవ్వుకునేవాళ్లం. తరవాతి రోజుల్లో, బేరం పోయిందని నేను గొణిగినప్పుడల్లా సారు నా గొణుగుడును కూడా అట్లాగే తుడిచేసేవారు.

"పెద్దక్క" ఆయన క్లాసులో పేరుమోసిన మాట. మొదటి ఏడాది మొదటి పాఠం స్పంజిక. నోరు లేదు, కడుపు లేదు, ఒక్క నరం లేదు. రాయికి అంటుకుని, ఒంట్లోంచి పోయే నీళ్లను వడకట్టుకుని బతికేస్తుంది. "గిది మనకు పెద్దక్క. అందరికన్న ముందుగాల ఇంట్ల నుంచి వేరుపడ్డది. దండం పెట్టుండ్రి," అనేవారు. సీసాలో మందునీళ్లలో ఊరుతున్న ఆ ముక్కకు మేం నిజంగానే దండం పెట్టేవాళ్లం. ఎవడైనా తెలివిగా "తక్కువ జాతి జంతువు" అన్నాడో, వాడి పని అయిపోయినట్టే. "తక్కువనా? నోరు మూసుకొని ఒక్క గంట కూసో నువ్వు, చూస్త. అది ఎన్ని కోట్ల ఏండ్ల నుంచి కూసున్నదో తెలుసా?"

సముద్రం మాకు చాలా దూరం. సారు కూడా బతికున్న సముద్రపు స్పంజికను ఎన్నడూ చూడలేదు. ఒక ఎండాకాలం డ్యాములో నీళ్లు తగ్గితే, ఒక మోడుకు పచ్చగా, గరుకుగా పట్టుకున్న మంచినీటి స్పంజిక ఆయన కంటబడింది. దాన్ని స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, బాలింత బిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకొచ్చి, "ఇగో, పెద్దక్కను తెచ్చిన," అని నా తొట్టిలో వదిలారు. తెల్లవారేసరికి అది చచ్చింది. నీళ్లు కంపు కొట్టి, ఉన్నవాటిలో మంచి చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలాయి. సారు వచ్చి, వంగి, స్పంజికనే చూసి, "పాపం, పోయింది," అన్నారు.

"సార్, నా చేపలు గూడ పోయినయ్."

ఆయన గాలి తుడిచారు. ఆ రోజు మాత్రం నా కోపం తుడిస్తే పోలేదు.

అటువంటి పెద్దక్క మీద పిడుగు నా ఫోనులోంచే పడింది. చేపల వ్యాపారుల గుంపులో ఎవరో పంపిన వార్తను నేనే సారుకు చూపించాను. అన్నిటికన్నా ముందు వేరుపడింది స్పంజిక కాదట, దువ్వెన జెల్లీ అట. సముద్రంలో తేలుతూ ఉండే గాజులాంటి జీవి. ఒంటి మీద దువ్వెన పళ్లలాగా సన్నని వెంట్రుకల వరసలుంటాయి, అవి కదులుతుంటే రంగులు మెరుస్తాయి. దానికి నోరుంది, నరాలున్నాయి. అన్నీ ఉన్నది ముందే వెళ్లిపోయి, ఏమీ లేని స్పంజిక మన పక్కన మిగలడం ఏమిటో నాకు అర్థం కాలేదు. సారు ఫోనును ముక్కుకు ఆనించుకుని చదివి, లేచి వెళ్లిపోయారు. మరునాడు ఎక్కడెక్కడివో వెతికి చదువుకుని వచ్చారు.

"కిచిడీ మియా," అన్నారు స్టూలు మీద కూర్చోకముందే. "జన్యువులు క్రోమోజోముల మీద గుంపులు గుంపులుగ ఉంటయ్. స్పంజికలల్ల, మనలల్ల కొన్ని గుంపులు ఒకదాంట్ల ఒకటి కలిసిపోయినయ్. జెల్లీలల్ల, ఇంకా ముందటి ఒంటికణం జీవులల్ల దేనికది వేరుగనే ఉన్నయ్. బియ్యం, పప్పు కలిసి కిచిడీ అయినంక మళ్ల వేరుచేస్తమా? అంటె ఇంట్ల కిచిడీ వండకముందే జెల్లీ ఎల్లిపోయింది."

"అందరు ఒప్పుకున్నరా సార్?"

"ఒప్పుకోలే. కొందరు ఇంక స్పంజికనే అంటున్నరు. తగువు తెగలే. తెగని దాన్ని తెగినట్టు చెప్పిన గదా నేను ఇన్నేండ్లు!"

గాలి తుడిచి ఊదుకున్నారు. మరునాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

చాలామంది "సరే సార్" అని వదిలించుకున్నారు. పెద్దపల్లిలో టీచరుగా ఉన్న ఒకామె మాత్రం తిరిగి అడిగింది. "అయితె సార్, గిప్పుడు జెల్లీ మనకు పెద్దక్కనా?"

"ఆఁ, గంతే గదమ్మా," అని పెట్టేశారు గానీ ఆ సమాధానం ఆయనకే రుచించలేదు. చాయ్ సాసరులోనే చల్లారిపోయింది.

"మియా, గిట్ల చీలిన జంతువులను ఇంగ్లీషుల సిస్టర్ గ్రూప్ అంటరు. పుస్తకంల సోదరి వర్గం అని రాసిండ్రు. ఇంట్ల ఎవరన్న ఓ సోదరీ, జర చాయ్ తే అంటరా? మీటింగులల్ల తప్ప ఆ మాట యాడ ఇన్నం? మనకు అక్క ఉన్నది, చెల్లె ఉన్నది. రెండు గాని మాట లేదు. మీ ఉర్దూల ఏమంటరు?"

"బెహెన్ సార్."

"పెద్దదా, చిన్నదా?"

"ఎవరైనా బెహెనే."

సారు స్టూలు మీంచి లేచినంత పని చేశారు. "గట్లుండాలె మాట!"

"కని పిలిచేటప్పుడు మాత్రం పెద్దదాన్ని ఆపా అంటం సార్."

"మళ్ల గదే వచ్చె," అని కూలబడ్డారు.

కాసేపయ్యాక వేలిని తొట్టిలో ముంచి, ఆ తడితో అద్దం మీద ఒక గీత గీశారు. దాని పైన రెండు కొమ్మలు చీల్చారు. "వేరుపడ్డది ఎవరు?" అని అడిగారు, క్లాసులో అడిగినట్టే.

"జెల్లీ సార్."

"జెల్లీ వేరుపడ్డదని గీ దిక్కు ఉన్నోళ్లు అంటరు. గా దిక్కుకు పోయి జెల్లీని అడుగు. స్పంజికలు, చేపలు, మనుషులు అందరు ఒక్కటై నన్ను ఇడిసిపెట్టి వేరుపడ్డరు అంటది. చీలిక ఒక్కటే మియా. అండ్ల పెద్దేంది, చిన్నేంది? వేరుపడేది ఒక్కలు గాదు. ఇద్దరు."

ఆ మాట అన్నాక సారు వేలు అద్దం మీదే ఆగిపోయింది. గీత ఆరిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఎందుకో నాకు తెలుసు. "వేరుపడ్డడు" అనే మాట స్పంజిక తరవాత సారు నోట వచ్చేది ఒకే ఒక్క మనిషి గురించి, చెన్నూరు దగ్గర పల్లెలో ఉన్న ఆయన తమ్ముడి గురించి.

సారుది అక్కడి గోదావరి ఒడ్డు ఊరు. ఆయన చదువుకుని కరీంనగర్ వచ్చేస్తే, తమ్ముడు ఊళ్లో ఉండి సేద్యం చూసుకున్నాడు. తల్లిదండ్రులు పోయాక తమ్ముడు, "అన్నా, ఇగ ఎవలది వాళ్లు చూసుకుందాం," అన్నాడు. పంపకాల్లో పేచీ ఏమీ రాలేదు. పేచీ పెత్తరమాసకు వచ్చింది. భాద్రపదం చివర అమావాస్య నాడు, పోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు. మా ఇళ్లల్లో లేని ఆచారం, నాకు సారు చెబితేనే తెలిసింది. ఆ ఏడు తమ్ముడు తన ఇంటి నుంచి తండ్రి పేరు మీద బియ్యం ఇచ్చాడు. సారుకు దేవుడి మీద నమ్మకం అంతంత మాత్రం, పెద్దకొడుకు హక్కు మీద మాత్రం మహా నమ్మకం. "పెద్దకొడుకును నేనుండంగ వేరుపడ్డోడు ఎట్లిస్తడు?" అని చుట్టాలతో చెప్పి పంపించారు. అంతటితో అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయి, ఏళ్లకేళ్లు అట్లాగే గడిచిపోయాయి.

"ఊరిడిసి వచ్చింది మీరు గదా సార్, ఆయన వేరుపడుడేంది?" అని నేనొకసారి అడిగాను. ఆ ప్రశ్ననూ తుడిచి ఊదేశారు.

అద్దం మీద గీత గీసిన వారంలోనే, "చెన్నూరు పోదాం పా మియా," అన్నారు. దుకాణం మూసి ఆయన వెంట బస్సెక్కాను. గోదావరి వంతెన దాటుతుండగా నా మోచెయ్యి పట్టుకుని, "ఎక్కువ మాట్లాడ. ఒక్కటే మాట చెప్త. అంతా అండ్లనే వస్తది," అన్నారు. పెదవులు కదుపుకుంటూ ఆ మాటను దారంతా నూరుకున్నారు. పాఠం చెప్పడానికి మొదటిసారి వెళ్తున్న మనిషిలా ఉన్నారు.

తమ్ముడు వాకిట్లో నులక మంచం మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకుని, "అచ్చినవా అన్నా," అన్నాడు. ఆయన భార్య పరుగున చెంబుతో నీళ్లు తెచ్చి, "కాళ్లు కడుక్కో బావా," అంది.

సారు కాళ్లు కడుక్కోలేదు, కూర్చోలేదు. క్లాసులో నిలబడినట్టు నిలబడి, దారంతా నూరుకున్న మాట చెప్పేశారు.

"తమ్మీ, ఇన్నేండ్లు నేను తప్పు చెప్పిన. నేను నీకు పెద్ద గాదు. నువ్వు నాకు చిన్న గాదు. ఇద్దరం ఒక్కతీరు."

తమ్ముడు ఆయన ముఖంలోకి చూశాడు. "గంతేనా అన్నా?"

"గంతే."

"గీ మాట చెప్పనీకె గింత దూరం అచ్చినవా?"

"గిదే పెద్ద మాట గదరా," అని సారు నవ్వారు.

తమ్ముడు నవ్వలేదు. తువ్వాల మళ్లీ భుజాన వేసుకుని, "మంచిది. తిని పోండ్రి," అని నాతో చెప్పి, చేను దిక్కు నడిచిపోయాడు. మేం తిన్నాం. ఆయన తిరిగి రాలేదు. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆ ఇంటావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంటే, సంతోషం పట్టలేక అనుకున్నాను.

తిరుగు బస్సులో సారు ముఖం వెలిగిపోతోంది. "చూసినవా మియా, ఎంత శాంతంగ విన్నడు! నా స్టూడెంట్లల్ల ఒక్కడన్న గట్ల విన్నడా?"

పెత్తరమాస దగ్గరికొచ్చింది. తమ్ముడు ఫోన్ చేస్తాడనీ, ఈసారి ఇద్దరం ఒక్కచోటే బియ్యం ఇద్దామంటాడనీ సారు ఎదురుచూశారు. ఫోనును తొడ మీద పెట్టుకుని స్టూలు మీద కూర్చునేవారు. ఫోను మోగితే ఉలిక్కిపడేవారు. తాను చేస్తే అవతల ఎత్తలేదు. "పత్తికి మందు కొడ్తుండొచ్చు తియ్," అన్నారు. అమావాస్య దాటింది, బతుకమ్మ పాటలు కూడా సద్దుమణిగాయి. ఒక సాయంత్రం ఉన్నట్టుండి, "నా మాటల ఏమన్న తప్పున్నదా మియా?" అని అడిగారు. నేను ఆ మాటను మళ్లీ మనసులో అనుకుని చూసుకుని, "లేదు సార్, కరెక్టే చెప్పిండ్రు," అన్నాను. ఎంత వెతికినా నాకు అందులో తప్పు కనబడలేదు.

ఆ చలికాలంలోనే సారు పోయారు. బిడ్డ హైదరాబాదు నుంచి వచ్చింది. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. జమ్మికుంట పత్తి అతను నా పక్కన నిలబడి, కళ్లు తుడుచుకుని, "భాయ్, స్పంజీది ఏమో కొట్టెయ్యమన్నడు సారు, ఏంది గది?" అని గుసగుసగా అడిగాడు. తమ్ముడు కూడా వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు. ఎవరు పిలిచినా లోపలికి రాలేదు. అంతా అయ్యాక వెళ్లి బస్సెక్కాడు. చచ్చినా పగ వదలని మనిషి అని నేను మనసులో తిట్టుకున్నాను కూడా.

మొన్న, మళ్లీ పెత్తరమాస రాబోతుండగా, ఒక మధ్యాహ్నం ఆ తమ్ముడు మా దుకాణం వెతుక్కుంటూ వచ్చాడు. తొట్ల వైపు చూడనైనా లేదు. నీలం స్టూలు జరిపాను. "అన్న కూసునేదా?" అని అడిగి, కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

"భాయ్, ఆనాడు నువ్వు పక్కన్నే ఉన్నవు. అందుకే నిన్ను అడుగనీకచ్చిన. అన్నకు కొడుకులు లేరు. ఆయన పేరు మీద బియ్యం నేనియ్యాలె. ఇయ్యొచ్చునా?"

"నువ్వు గాక ఎవరిస్తరు కాకా? తమ్మునివి."

"నేను నీకు అన్నను గానని వాకిట్ల నిలవడి చెప్పిపోయె గద. అన్న గానోని పేరు మీద ఎట్లిత్తు?"

సారు ఆ మాట ఎప్పుడన్నారని అడగబోయి ఆగిపోయాను. అన్నారు. "నేను నీకు పెద్ద గాదు" అన్నారు. అన్న అంటేనే పెద్ద. ఆ పెద్దరికం తీసేస్తే తమ్ముడి చేతిలో ఏం మిగులుతుంది? రెండూ కాని మాట మన దగ్గర లేదని ఇదే స్టూలు మీద కూర్చుని అంత మథనపడ్డ మనిషి, తమ్ముడి వాకిట్లోకి వెళ్లేసరికి ఆ సంగతే మరిచిపోయారు. మోచెయ్యి పట్టుకుని "అంతా అండ్లనే వస్తది" అన్నారు గానీ, వేరుపడటం అన్న ముక్క అందులో రానేలేదు.

వేలు తడిచేసి అద్దం మీద గీత గీశాను, కొమ్మలు చీల్చాను. సారు నాకు చెప్పినట్టే, జెల్లీనీ స్పంజికనూ చెప్పాను. "నువ్వు వేరుపడ్డవని ఇన్నేండ్లు అన్నడు గద కాకా. నువ్వొక్కనివే గాదు, నేను గూడ వేరుపడ్డ అని చెప్పనీకి వచ్చిండు. తప్పు ఒప్పుకోనీకి వచ్చిండు."

ఆయన ఆ గీతను చూస్తూ నిలబడ్డాడు. చెప్పింది ఎంత అర్థమైందో నాకు తెలియదు.

"గందుకచ్చిండా," అన్నాడు చివరికి. ఆ వెంటనే కోపమొచ్చింది. "అయితె గదే అనొద్దా? నాకు ఒక్కతీరు మనుషులు ఊళ్లె మస్తుమంది ఉన్నరు భాయ్. అన్న ఒక్కడే ఉండె. పెద్దోన్ని నేను, నాదే తప్పయిందిరా అంటె అయిపోతుండె గద. నేనే కాళ్ల మీద పడ్తుంటి."

ఆయన కళ్లు నిండాయి. నాకూ ఆగలేదు. ఇద్దరం చేపల ముందు ఏడుస్తుంటే, గిరాకీకి వచ్చిన ఒకతను గుమ్మంలోంచే వెనక్కి తిరిగిపోయాడు.

"ఇత్త," అన్నాడు తమ్ముడు ముక్కు తుడుచుకుని. "బాపు పేరు చెప్పి, ఎన్క అన్న పేరు చెప్పి ఇత్త." కుడి అరచెయ్యి ఎత్తి, ఎదురుగా ఉన్న గాలిని ఎడమ నుంచి కుడికి తుడిచి, ఆ చేతిని నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ మని ఊదుకున్నాడు.

ఆయన బడిగడప తొక్కిన మనిషి కాదు, సుద్దముక్క పట్టిన చెయ్యి కాదు అది.

"కాకా, గీ అలవాటు నీకెక్కడిది?"

ఆయన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "గిదా? మా బాపుది. కల్లంల వడ్లు చేతిల నలిపి పొట్టు ఊదెటోడు. ఉత్తగ మాట్లాడంగ గూడ గట్లనే చేసెటోడు. మా ఇద్దరికి గదే అచ్చింది."

ఆయన వెళ్లిపోయాక ఫోను చేతిలోకి తీసుకున్నాను. సార్, మేమంతా సుద్దపొడి అనుకున్నది తప్పు, కొట్టెయ్యండి అని చెప్పాలి. సారు నంబరు ఇంకా అందులోనే ఉంది. ఎత్తేవారే లేరు.